ఇంటి మడి, అంగడి మడి

పైసలు, పేరు, పెత్తనం. ఈ మూడింటిలో ఏదో ఒకటి కనబడనిదే మనిషి కాలు కదపడని నేను చాలా ఏండ్లు వాదించిన. డిగ్రీలో ఎకనామిక్స్ చదివిన పొగరు కొంత, ఊరుకోలేని నోరు కొంత. పటాన్‌చెరు పక్కన బీరంగూడలో మా గల్లీ ఆడవాళ్లు నేనొస్తుంటే మాట మారుస్తరు. మారిస్తే మార్చిండ్రు, ఒక్కరైనా నన్ను ఓడగొట్టిండ్రా అంటే, లేదు. నన్ను ఓడగొట్టింది మా అక్క.

అక్కను ఇచ్చింది జిన్నారం దిక్కు ఒక పల్లెకు. బోరు కింద పాలకూర, కొత్తిమీర వేస్తరు. సాయంత్రం ఆటోకెత్తితే తెల్లారేసరికి పటాన్‌చెరు మార్కెట్‌లో ఉంటది. కొన్నేండ్లుగా ఆ బోరు నీళ్లకు ఏదో వాసన. మోటరు వేయగానే ముందు పసుప్పచ్చ నురగ వస్తది. చుట్టూ ఇన్ని కంపెనీలు, ఏది ఎక్కడినుంచి భూమిలోకి దిగిందో ఎవరు చెప్తరు? ఊరు మాత్రం తన దారి తాను చూసుకున్నది. అక్కడ ప్రతి ఇంటికీ రెండు మళ్లు. బోరు నీళ్లు పారేది అంగడి మడి. పెరట్లో, తాగే నల్లా నీళ్లు పోసి పెంచేది ఇంటి మడి. ఈ సంగతి ఎవరూ నోరు తెరిచి చెప్పరు. కొత్త కోడలు కాపురానికొచ్చిన వారంలోనే నేర్చుకుంటది.

నిరుడు వానకాలం నేను అక్కడికి పోయిన. మాపటి తిండికి అక్క అత్త పాలకూర పప్పు వండింది. ముద్ద కలిపినమో లేదో, అక్క గిన్నెలోకి వంగి చూసింది.

"అత్తా, కూర ఏడికెల్లి తెచ్చినవ్?"

"బోరు కాడికెల్లే బిడ్డా. మోకాళ్లు గుంజుతున్నయి, పెరట్లకు ఎవరు పోవాలె? తొవ్వల ఉండె, కోసుకొచ్చిన."

అక్క మా ముందున్న పళ్లేలు గుంజుకున్నది. కలిపిన అన్నంతో సహా పప్పు గిన్నె తీసుకపోయి పెంటకుప్పలో కుమ్మరించింది. అప్పుడే వాకిట్లో ఆటో అతను హారన్ కొట్టిండు. అదే మడిలో కోసిన కట్టలు ఎక్కించుడు అయిపోయింది. ఖాళీ గిన్నె చేతిలో పట్టుకుని అక్క ఆ ఆటోను చూస్తూ నిలబడ్డది.

"దించు," అన్నది.

"ఏమైంది వదినా? రేటు పడ్డదా?" ఆటో అతనికి ఇంకో కారణం తట్టలేదు. నిజం చెప్పాలంటే నాకూ తట్టలేదు.

"రేటు గాదు, ఏం గాదు. దించు."

కట్టలన్నీ పప్పు పోయిన చోటికే పోయినయి. నేను ఊరుకుంటనా? పట్టుకున్న.

"నీళ్లు ఖరాబైనయని రుజువేముంది అక్కా? ఎవరన్న పరీక్ష చేసిండ్రా?"

"లేదు. నాకు తెల్వది."

"తెల్వనప్పుడు పారబోసుడు ఎందుకు?"

"తెల్వనప్పుడు మనమెందుకు తింటలేము?"

ఇంత చదివిన నేను నీళ్ల గ్లాసు అందుకున్న. ఇంకేం చేయాలె!

ఆ రోజు నుంచి అక్క అంగడికి కూర పంపుడే బంద్ చేసింది. అప్పుడు మొదలైంది అసలు గొడవ. పక్క పొలాలవాళ్లు గుంపుగా వచ్చిండ్రు. "మీ కూర ఆగితే మా కూర మీద అనుమానం రాదా? ఊరందరికంటే పెద్ద ధర్మాత్మురాలివా?" అని అక్కను నిలబెట్టి అడిగిండ్రు. బావ అప్పుడు సర్పంచుకు నిలబడాలని తిరుగుతున్నడు. ఆకుకూర మళ్లీ పంపకుంటే మా ఓట్ల మాట మరిచిపో అని మొహం మీదనే చెప్పిండ్రు. బావ పరేషానై నాకు ఫోన్ చేసిండు.

"మరదలా, నీ నోటికి ఎదురులేదంటవు గద. జెర మీ అక్కకు చెప్పు. నేనిగ ఊర్ల తలెత్తుకోవాల్నా వద్దా?"

పోయిన. నా దగ్గరున్న వాదనలన్నీ తీసిన. నువ్వొక్కదానివి ఆపితే మార్కెట్ ఆగుతదా అన్న. బావ ఎన్ని రోజుల నుంచి ఆశ పెట్టుకున్నడో ఆలోచించినవా అన్న. అక్క మడి గట్టు మీద కూర్చుని అంతా విన్నది.

"నువ్వొచ్చినప్పుడల్లా నేను ఏ కూర కట్టిస్తి?"

"ఇంటి మడిది."

"మరి బీరంగూడల నీ పక్కింటామెకు ఏది పోయింది?"

ఆ పక్కింటామెకు చిన్న పిల్లలు. నాకు వాళ్ల మొహాలు కండ్ల ముందుకొచ్చినయి. నేను బావకు ఫోన్ చేసి, "నాతోని కాలేదు బావా," అన్న. నా జన్మలో ఆ మాట అనుడు అదే మొదలు.

బావ అలిగిండు, అరిచిండు, మాట్లాడుడు మానేసిండు. ఒకరోజు పొద్దున లేచి, ఎవరికీ చెప్పకుండా, తనే ట్రాక్టరెక్కి పాలకూర మడి దున్నేసిండు. సర్పంచుకు ఇంకెవరో నిలబడ్డరు, గెలిచిండ్రు. ఊరు మారిందని నేను రాయను. ఆటోలు ఇప్పటికీ నిండుగానే పోతున్నయి. అక్కకు సన్మానం లేదు, చేతిలో పైసా ఆడకుండా అయింది, పెత్తనం గుమ్మం దాకా వచ్చి తిరిగిపోయింది. నేను లెక్కపెట్టిన మూడూ పోయినయి. అయినా ఆమె నడక చూస్తే మహారాణి కూడా పక్కకు జరగాలె.

ఈ దసరా ముందు పోయేసరికి అంగడి మడి నిండా బంతిపూలు.

"ఎవరు కొంటరు అక్కా ఇన్ని?"

"కంపెనీలోళ్లే. ఆయుధపూజకు మిషన్లకు దండలేస్తరు గద."

నా నోరు ఊరుకోదు. "అబ్బో! మనుషులు తినొద్దని, ఆ నీళ్లతోని పెంచి వాళ్లకే పంపుతున్నవా?"

అక్క పూల గంప నా నెత్తికెత్తుతూ పకపకా నవ్వింది.

"మిషన్లు తినవు గద చెల్లె. అయినా ఈ వాసన వాటికేం కొత్త?"