బాలశౌరి అందించిన మాట

నాటకం చూసొచ్చినవాళ్ళు హీరో వేషం ఎవరిదో చెబుతారు, విలన్ ఎవరో చెబుతారు, ఓపికున్నవాళ్ళు రాసిందెవరో కూడా చెబుతారు. సైడు వింగు చాటున ముక్కాలి పీట మీద కూర్చుని రెండు గంటలపాటు అందరికీ మాటలందించిన మనిషి ఎవరని అడిగినవాణ్ణి మాత్రం నేనింతవరకు చూడలేదు. మా నాటక సమాజంలో ఆ మనిషి బాలశౌరి. పగలంతా బెజవాడ ఆటోనగర్‌లో లేత్ మిషను మీద పని, సాయంత్రమైతే గవర్నరుపేటలో మేం రిహార్సల్స్ వేసుకునే ట్యుటోరియల్ కాలేజీ గదికి సైకిలు మీద వచ్చేవాడు. అలా తొమ్మిదేళ్ళు వచ్చాడు.

నేను రైల్వేలో బుకింగ్ క్లర్కుని. నాటకాల్లో పోలీసు వేషాలన్నీ నావే, నా ఒళ్ళు అలాంటిది. నటన సంగతి అడక్కండి.

బాలశౌరి గొంతు స్టేజి మీదున్న ఆర్టిస్టుకి స్పష్టంగా వినపడేది, ముందు వరసలో కూర్చున్న పోటీల జడ్జీకి వినపడేది కాదు. చేతిరాత ఇంకా గొప్పది. మిషన్ స్కూల్లో సిస్టర్లు వేళ్ళ మీద కొట్టి నేర్పిన గుండ్రటి అక్షరాలు. కొత్త నాటకం తయారైతే కాపీలన్నీ ఆయనే రాసేవాడు. ఆరుసార్లు రాసేసరికి నాటకం మొత్తం నోటికొచ్చేసేది. అందుకే అందించేటప్పుడు కాగితం చూసేవాడు కాదు, ఆర్టిస్టు పెదాలు చూసేవాడు. పెదాలు తడబడేలోపే మాట వెళ్ళిపోయేది. మా ప్రాంప్టరంతటివాడు జిల్లాలో లేడని గొప్పలు చెప్పుకునేవాళ్ళం. చివరికి కొంప ముంచింది ఆ విద్యే.

మా రచయిత తిరుపతిరావు మాస్టారు గవర్నమెంటు హైస్కూల్లో తెలుగు పండితుడు. పౌరాణికాలు ముట్టుకోకూడదు, ఏటా ఓ కొత్త నాటకం ఆడి తీరాలన్నది ఆయన పట్టు. మంచి రచయితే, కాదంటే నా కళ్ళు పోతాయి. ఎమర్జెన్సీ వచ్చిన ఏడు ఆయన కాలవ చివరి ఊళ్ళ మీద నాటకం రాశాడు. పై ఊళ్ళవాళ్ళు నీళ్ళన్నీ వాడేసుకుంటే చివరి ఊరికి బురద మిగులుతుంది. తనిఖీకి వచ్చిన ఆఫీసరుకి సాయమ్మ అనే కూలిమనిషి ఎదురు నిలబడుతుంది. ఆఫీసరు నోర్మూసుకోమంటాడు. దానికి సాయమ్మ చెప్పే జవాబు కోసమే మాస్టారు మిగతా నాటకమంతా రాశాడని నా అనుమానం.

సాయమ్మ వేషానికి జీవరత్నాన్ని పిలిచాం. ఆ రోజుల్లో ఆడ వేషాలకి మనుషులు దొరకడం కష్టం. నాటక పరిషత్తుల పోటీల సీజన్లో ఆవిడ అయిదు సమాజాలకి అయిదు వేషాలు వేసేది. ఆ కష్టం మీదే మంచం పట్టిన తల్లి సంపూర్ణమ్మనీ తననీ పోషించుకునేది. అన్ని నాటకాలూ కంఠతా పట్టడం మనుషుల వల్ల అయ్యే పని కాదు. అందుకని కథా నడకా గుర్తుపెట్టుకుని, మాటలు మాత్రం ప్రాంప్టరు నోట వింటూ అనేసేది. విని అంటోందని ఎవరూ పోల్చుకోలేకపోయేవారు. ఆ మాట అప్పుడే ఆవిడ కడుపులోంచి పుట్టుకొచ్చినట్టుండేది.

డెబ్భై ఆరు ఫిబ్రవరిలో పామర్రులో పోటీలు. ముందే పోలీసులకి స్క్రిప్టు ఇచ్చి అనుమతి తీసుకోవాలి. వాళ్ళు ముద్ర వేసిన కాపీ నాటకం రోజు మధ్యాహ్నానికి గానీ మా చేతికి రాలేదు. నాలుగుచోట్ల ఎర్ర పెన్సిలు పడింది. సాయమ్మ జవాబు మొత్తం ఎగిరిపోయింది. తలొంచుకుని పక్కకి తప్పుకోవాలి, అంతే. మాస్టారి మొహంలో నెత్తుటి చుక్క లేదు. బాలశౌరి స్కేలు పెట్టి తన కాపీలో నాలుగుచోట్లా గీతలు కొట్టాడు.

జీవరత్నం గుడివాడ బస్సు దిగి తిన్నగా మేకప్ గదిలోకి వచ్చింది. మార్పులు చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకెందుకు చెబుతారండీ? ఇప్పుడు చెబితే ఉన్నవి కూడా కలగాపులగమైపోతాయి. అన్నయ్య ఏదందిస్తే అదంటాను."

ఆ సీను వచ్చింది. స్టేజి మీద ఆఫీసరు, పక్కన కానిస్టేబులు వేషంలో నేను, ఎదురుగా జీవరత్నం. ఆఫీసరు "నోర్మూసుకో!" అని అరిచాడు. జీవరత్నం తల కొంచెం వంచి, అవమానం పడ్డ మనిషి పెదాలు ఎలా వణుకుతాయో అలా వణికించింది. అది నటన. బాలశౌరి పెదాలే చూస్తాడని చెప్పానుగా, ఆర్టిస్టు మాట కోసం తడుముకుంటోందనుకున్నాడు. గీత కొట్టిన మాట ఆయన నోట్లోంచి జారిపోయింది. ఆవిడ తలెత్తి దాన్ని అందుకుంది.

"నోరు మూసుకుంటే నీళ్ళొస్తాయంటే ఇన్నాళ్ళూ మూసుకునే ఉన్నాం గదండీ! ఏ కాలవలో వచ్చినయ్యండీ నీళ్ళు?"

పందిరి ఎగిరిపోతుందా అన్నట్టు చప్పట్లు. ముందు వరసలో ముద్ర వేసిన కాపీ పట్టుకుని కూర్చున్న సబ్ ఇన్‌స్పెక్టరు ఓ పేజీ వెనక్కి తిప్పాడు, మళ్ళీ ముందుకి తిప్పాడు, లేచాడు. నిజం కానిస్టేబుళ్ళు ఇద్దరు స్టేజి ఎక్కారు. జనం అదీ నాటకమే అనుకుని వాళ్ళకీ చప్పట్లు కొట్టారు.

జీవరత్నాన్ని స్టేషనుకి తీసుకెళ్ళి, మమ్మల్ని వెనక గదిలో కూర్చోబెట్టారు. ఉద్యోగం పోతే కుటుంబం వీధిన పడుతుందని మాస్టారిది ఒకటే పాట. చివరికి దారి కనిపెట్టింది కూడా ఆయనే. సదరు నటి అనుమతి లేని మాటలు తనంతట తాను పలికినదనీ, సమాజానికి ఎలాంటి సంబంధమూ లేదనీ ఓ కాగితం రాసిచ్చేద్దామన్నాడు. రాత బావుంటుందని కాగితం బాలశౌరి ముందుకే తోశాడు. ఆయన చెబుతుంటే ఈయన రాశాడు. ఎక్కడా కొట్టివేత లేకుండా అవే గుండ్రటి అక్షరాలు. కింద అయిదుగురం సంతకాలు చేశాం. అందులో మూడోది నాది. రైల్వే ఉద్యోగం కళ్ళముందు మెదిలింది, పెట్టేశాను. తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

జీవరత్నాన్ని తొమ్మిది రోజులుంచుకుని వదిలారు. అక్కడితో అయిపోతే బాగుండేది. పరిషత్తుల్లో జడ్జీల దగ్గర స్క్రిప్టు ఉంటుంది. లేని మాట అంటే మార్కులు కోసేస్తారు. ఫలానా ఆర్టిస్టు సొంతంగా మాటలు కలుపుతుందట, పోలీసుల్ని నెత్తికి తెస్తుందట అన్న కబురు ఊరూరా పాకింది. మరుసటి సీజనుకి ఆవిణ్ణి ఒక్క సమాజం పిలవలేదు. మా సంతకాల కాగితం చూశామని చెప్పినవాళ్ళు కూడా ఉన్నారు.

ఒకరోజు బాలశౌరి భార్య తెరేసమ్మ బుకింగ్ కిటికీ దగ్గరికే వచ్చింది.

"మీరైనా అడగండి కాశీరావు గారూ. ఆదివారం చర్చిలో పూజకొస్తాడు గానీ సత్‌ప్రసాదం తీసుకోడు. అందరూ లేచెళ్తుంటే ఈయన కదలడు. ఏ పాపం చేశాడోనని నలుగురూ అనుకోరటండీ?"

బాలశౌరిని అడిగితే, జీవరత్నం ఇంటికి తోడు రమ్మన్నాడు. వెళ్ళాం. గడప దగ్గరే నిలబడి చెప్పాడు.

"నా వల్లేనమ్మా. ధైర్యం చేసి అందించానని అనుకునేవు, అంత మగాణ్ణి కాదు. అలవాటు కొద్దీ వచ్చేసింది."

"నీ గొంతు నాకు తెలీదా అన్నయ్యా? స్టేషన్లో అడిగినప్పుడు నాకే తట్టిందని చెప్పాను. నీ పేరు చెబితే రేపు ఏ ప్రాంప్టరు నాకు మాటందిస్తాడు?" అంది జీవరత్నం. తర్వాత ఇంకోమాట కూడా అంది. "ఆ కాగితం చూపించారు. రాత చూసి పోల్చుకున్నాను."

బాలశౌరి దారంతా సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూ వచ్చాడు. నేను ఏదో ఓదార్పు మాటన్నాను గానీ, అది నాకే చప్పగా వినిపించింది.

డెబ్భై ఏడులో ఎమర్జెన్సీ ఎత్తేశారు. తిరుపతిరావు మాస్టారికి ఎక్కడలేని వీరావేశం వచ్చేసింది. అదే నాటకం, కొట్టేసిన మాటలతో సహా బెజవాడలో ఆడతామని గోడలమీద పోస్టర్లు వేయించాడు. సాయమ్మగా బందరు నుంచి గంగారత్నం అనే అమ్మాయిని తెచ్చాడు. జీవరత్నాన్నే పిలుద్దామని బాలశౌరి అడిగాడు. "పాత గొడవలు ఇప్పుడెందుకయ్యా?" అన్నాడు మాస్టారు. బాలశౌరి నా వైపు తిరిగి, "మీరూ ఓ మాట చెప్పండి" అన్నాడు. చూద్దాం లెండి అన్నాను. ఆ చూడ్డం ఎప్పటికీ జరగలేదు.

ఆ సాయంత్రం హాలు నిండిపోయింది. తెర తీయకముందే మాస్టారికి శాలువా కప్పారు. ఆ ఒక్క మాట కోసం మా సమాజం పడ్డ కష్టాలు చెబుతూ ఆయన కళ్ళొత్తుకున్నాడు. పక్కనే పోలీసు బట్టల్లో నిలబడి నేనూ చప్పట్లు కొట్టాను.

నాటకం మొదలై ఆ సీను దాకా వచ్చింది. ఆఫీసరు "నోర్మూసుకో!" అన్నాడు. గంగారత్నం తలెత్తింది. మాట రాలేదు. కళ్ళు వింగు వైపు తిరిగాయి. నేనూ చూశాను. బాలశౌరి కాపీ మూసేసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ అమ్మాయి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. అప్పుడాయన పీట మీంచి లేచి, పనిబట్టల్లోనే దీపాల వెలుతుర్లోకి వచ్చాడు. ముందు ఆ అమ్మాయితో, "నీ తప్పేం లేదమ్మా, నన్ను క్షమించు" అన్నాడు. తర్వాత జనం వైపు తిరిగాడు. ఆయన గట్టిగా మాట్లాడగా వినడం నాకదే మొదలు.

"ఈ మాటన్నందుకు జీవరత్నం తొమ్మిది రోజులు స్టేషన్లో ఉందండీ. సొంతంగా అన్లేదు, నేనందించాను. సొంతంగానే అందని కాగితం రాసింది కూడా నేనే. మేం అయిదుగురం సంతకాలు చేశాం. ఆవిడ పని పోగొట్టాం."

"తెర వెయ్యండి!" అని మాస్టారు లోపల్నుంచి కేకలేశాడు. తెర పడింది. బాలశౌరి సైకిలెక్కి వెళ్ళిపోయాడు. తర్వాత ఏ సమాజమూ ఆయన్ని ప్రాంప్టింగుకి పిలవలేదు, ఆయనా ఎవర్నీ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే జీవరత్నానికి ఈ సంగతి చెబుదామని పరిగెత్తాను. ఓ నర్సింగ్ హోములో ఆయాగా చేరింది. వరండా తుడుస్తోంది. సంతోషిస్తుందనుకుని, జరిగిందంతా అభినయించి మరీ చెప్పాను. ఆవిడ గుడ్డ పిండుతూ వింది.

"అయిదుగురం అన్నాడా అన్నయ్య?"

"అన్నాడమ్మా. అందరి ముందూ అన్నాడు."

"మీరక్కడే ఉన్నారు గదండీ, స్టేజి మీద. మీరేమన్నారు?"

"ఆ సీన్లో నాకు డైలాగు లేదమ్మా" అన్నాను.

ఆవిడ పోలీసు వేషాలకని పెంచిన నా మీసం కేసి ఓసారి చూసి, బకెట్టు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.