విప్పని రెండో చీటీ

పద్నాలుగేళ్లుగా ఒక కాగితం ముక్కని మోస్తున్నాను. వేలెడు కూడా లేదు. దేవుడి ముందు వేసే చీటీ, అంతే. దాని సంగతి మా ఆయనకి తెలియదు, పోయిన మా అత్తకి తెలియదు, నా కడుపున పుట్టినవాళ్లకి తెలియదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పడం సులువు.

రేపు పొద్దున నాకు ఆపరేషన్. అండాశయం మీద గడ్డ. బత్తాయి పండంత ఉందట. వైజాగులో ఈ ఆసుపత్రి గదిలో కిటికీ పక్క మంచం దొరికింది. భయంగా ఉందా అని అందరూ అడుగుతున్నారు. నిజం చెప్పనా? లేదు. హాయిగా ఉంది. పొద్దున ఇడ్లీలు పెట్టారు, రెండు తిని మూడోది అడిగితే నర్సు నవ్వింది. ఇంత హాయిగా ఉండే హక్కు నాకుందా అన్నదొక్కటే అనుమానం.

మాది పాతపట్నం. కిరాణా దుకాణం, దాని వెనకే ఇల్లు. అన్నదమ్ములిద్దరూ, తోటికోడళ్లం మేమిద్దరం, ఒకటే వంట. నేను పెద్ద కోడల్ని. చిన్న కోడలు సుగుణ. అక్కని మా వైపు అప్ప అంటారు. సుగుణ కాపురానికొచ్చిన రోజు నుంచి నన్ను అప్పా అనే పిలుస్తుంది.

ఇంట్లో ఏది తేలకపోయినా మా అత్త చీటీలు వేయించేది. సంబంధాలకి చీటీలే, దుకాణానికి కొత్త షట్టర్ ఎప్పుడు పెట్టాలన్నా చీటీలే. ఆదివారం తలస్నానం చేసి, అరసవల్లి ఆదిత్యుడి పటం ముందు గిన్నెలో బియ్యం పోసి, మడిచిన చీటీలు అందులో వేసేది. ఎవరి పని అయితే వాళ్లే తియ్యాలి. తీసింది విప్పి చదవాలి. మిగిలింది మాత్రం విప్పకూడదు. దేవుడు వద్దన్నదాన్ని మనిషి చూడకూడదు అనేది అత్త. పూజ పూలతో పాటు దాన్ని మా ఊరి ఏరు మహేంద్రతనయలో వదిలెయ్యాలి. అత్తకి చదువు రాదు. ఇంట్లో నా చేతిరాతే బాగుంటుందని రాసేపని నాది, ఏట్లో వదిలే పనీ నాదే. చూశారా, దొంగకే తాళాలిచ్చారు.

పద్నాలుగేళ్ల కిందట సుగుణకి అండాశయం మీద గడ్డ తేలింది. దానికప్పుడు ముప్పై నిండలేదు. ఒక ఆడపిల్ల, ఇంకొకరు కావాలని ఆశ. శ్రీకాకుళంలో స్కాన్ తీయించడానికి వెంట వెళ్లింది నేనే. స్కాన్ తీసినాయన నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. గడ్డలో నీరు ఒక్కటే కాదమ్మా, గట్టి భాగం కూడా కనబడుతోంది, వైజాగులో క్యాన్సర్ ఆపరేషన్లు చేసేవాళ్లకి చూపించండి అన్నాడు. ఇంటికొచ్చి నేను ఏం చెప్పాను? వైజాగులో చూపిస్తే మంచిదన్నారు అని చెప్పాను. ఆ మాట ఒక్కటి మింగేశాను. అందరూ బెదిరిపోతారని మింగానా, లేక అప్పటికే నా లెక్క నాకుందా? ఇన్నేళ్లూ బెదురుతారనే అని సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు మీతో అబద్ధం ఆడి ఏం బావుకుంటాను? నా లెక్క నాకుంది.

నాకు ఒక్కడే తమ్ముడు. కొత్తవలసలో వాడి పెళ్లి ఇరవై రోజుల్లో ఉంది. వైజాగు ఆసుపత్రి అంటే సుగుణ పక్కన ఎవరో ఒకరు అక్కడే ఉండాలి. అత్తకి మోకాళ్లు. నేను తప్ప దిక్కెవరు? పరీక్షలన్నారు, ఆపరేషన్ అన్నారు, ఎంత లేదన్నా నెల. శ్రీకాకుళంలో అయితే మా ఇంట్లో పురుళ్లన్నీ పోసిన డాక్టరు గారున్నారు, అయిదు రోజుల్లో ఇంటికి పంపించేస్తారు. పెళ్లిలో ఆడపడుచు చెయ్యాల్సినవి ఎన్నుంటాయి! మూడో ముడి నేనెయ్యాలి. కొత్త జంటని గుమ్మంలో ఆపి పేర్లు చెప్పించాలి. చీర కూడా కొనేసుకున్నాను. ఇదండీ నా కారణం. ఇంతకన్నా పెద్దది ఏదైనా ఉండి ఉంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. లేదు. చీర, మూడో ముడి, గుమ్మం దగ్గర నవ్వులు.

మగవాళ్లు ఒకరు అటన్నారు, ఒకరు ఇటన్నారు. అత్త చీటీలు వేద్దామంది. నేను రాశాను. ఒకదాని మీద శ్రీకాకుళం. రెండోదాని మీద కూడా శ్రీకాకుళం.

చెయ్యి వణకలేదు. అది కూడా చెప్పాలి. పసుపు అద్ది మడిచి బియ్యంలో వేశాను. సుగుణ తడి జుట్టుతో పటం ముందు కూర్చుని, చెయ్యి పెట్టబోయి నా వైపు చూసి నవ్వింది. "నువ్వు రాసినావు కదప్పా, నాకేటి బయం?" అంది.

రెండో చీటీని ఏటికి నేనే తీసుకెళ్లాను. నీళ్లలో వదిలితే మునగలేదు, రాళ్ల మధ్య చిక్కుకుంది. కాలితో తోశాను.

డాక్టరు గారు తనకి తెలిసినంతా చేశారు. ఆయన్ని అననుగాక అనను. గడ్డ తీస్తుండగా లోపలే పగిలింది. సుగుణ ఇంటికొచ్చింది, నేను పెళ్లికెళ్లాను. మూడో ముడి వేశాను. గుమ్మంలో తమ్ముణ్ణీ మరదల్నీ ఆపి పేర్లు చెప్పిస్తే ఇల్లంతా గొల్లున నవ్వింది. మర్నాడు, దుకాణానికని ముందే తిరిగెళ్లిన మా ఆయన ఫోన్ చేశాడు. ముక్క పరీక్ష రిపోర్టు వచ్చిందట. క్యాన్సరేనట.

ఆ తర్వాత వైజాగే. రెండో ఆపరేషన్. గర్భసంచీ, రెండో అండాశయం అన్నీ తీసేశారు. ఆరు విడతల మందు ఎక్కించారు. మొదటిసారే పగలకుండా తీసి ఉంటే ఇంత అవసరం వచ్చేది కాదేమో అన్నారు అక్కడి డాక్టరు. ఏమో అన్నారు. ఆ ఏమోని పట్టుకుని నేను ఎన్ని రోజులు వేలాడానో చెప్పలేను. నెల రోజులు తప్పించుకుందామనుకుంటే ఏడాది పట్టింది. ప్రతి విడతకీ దాని పక్కన నేనే. అది వాంతి చేసుకుంటే బేసిన్ పట్టాను. జుట్టు ఊడితే గుండు చేయించి, నా చీర కొంగు చింపి తలకి కట్టాను. సొంత అక్క కూడా ఇంత చెయ్యదని ఊరంతా పొగిడింది. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

అన్నిటికన్నా ఏది బాధించిందో చెప్పనా? మందు ఎక్కుతున్నంతసేపూ సుగుణ ఒకటే మాట అనేది. దేవుడే శ్రీకాకుళం పంపినాడు, ఆయనే గట్టెక్కిస్తాడని. అది పట్టుకున్న కర్ర నేను చేసిన దొంగ కర్ర. దాన్ని ఎలా లాక్కోను? చెప్పకపోవడానికి ఇదే కారణమని చాలా ఏళ్లు అనుకున్నాను. మంచి కారణమే. నాకు బాగా పనికొచ్చిన కారణం.

సుగుణ బతికింది. బతకడం అంటే మామూలుగా కాదు. ఇప్పుడు దుకాణం గల్లాపెట్టె దగ్గర అదే కూర్చుంటుంది, దాని నోటికి జడిసి కంపెనీ ఏజెంట్లు తలుపు దగ్గరే చెప్పులు విప్పి వస్తారు. ఇంకొకరు పుట్టలేదు, అంతే. ఆ మాట అది ఎప్పుడూ ఎత్తదు. ఎత్తితే బాగుండును.

మొన్న వేసవిలో నా స్కాన్‌లో గడ్డ కనబడగానే ఇంట్లో ఎవరినీ మాట్లాడనివ్వలేదు. రిపోర్టులు ఫైల్లో పెట్టుకుని నన్ను వైజాగు లాక్కొచ్చింది. ఏ డాక్టరు దగ్గరికెళ్లినా దాని ప్రశ్నలు దానివే. ఇలాంటివి నెలకెన్ని చేస్తారు? గడ్డని పగలకుండా సంచిలో పెట్టి తీస్తారా? కడుపు తెరిచి ఉండగానే ముక్క పరీక్ష చేయించే వీలుందా? కత్తి పట్టేది మీరేనా, మీ కింద వాళ్లా? ఒకాయన చిరాకు పడ్డాడు, ఆయన పేరు కొట్టేసింది. చివరికి ఇద్దరు మిగిలారు. ఒకరు పెద్ద పేరున్న సారు, ఇంకొకరు ఈ ఆపరేషన్లే చేసే డాక్టరమ్మ.

పోయిన ఆదివారం పాతపట్నంలో, తలస్నానం చేసి గిన్నెలో బియ్యం పోసుకుని వచ్చింది.

"ఇద్దరూ మంచోల్లే అప్పా. ఎవల్దగ్గిర సేయించుకుంతావో సెప్పు."

"నీ ఇష్టమే."

"నా ఇష్టమేటి, కోయించుకునేది నువ్వు! సీటీలేద్దుం. నాకు దారి సూపినోడు నీకు సూపడేటి? ఇదిగో, నువ్వే రాయి. నాకు కలిసొచ్చిన రాత నీది." నా చేతిలో పెన్ను పెట్టింది.

పెన్ను పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో. రాసెయ్యొచ్చు. రెండు పేర్లు రెండు చీటీల మీద, నిజాయితీగానే రాయొచ్చు. ఎవరికీ ఏమీ కాదు. కానీ చెయ్యి కదల్లేదు. పెన్నుకి మూత పెట్టేశాను.

"సుగుణా, అప్పుడు రెండిటి మీదా సీకాకుళమే రాసేను."

అది నన్ను చూసింది. బియ్యం గిన్నె కింద పెట్టింది. నేను ఏడుపు ఆపుకోలేదు, అది ఓదార్చలేదు. బయట దుకాణంలో ఎవరో బెల్లం అడుగుతున్నారు. నా వైపు తిరిగి అడిగింది.

"తమ్ముడి పెళ్లికా?"

"ఊఁ."

"అడగవలసింది అప్పా. నేనే సీకాకుళం ఎల్తాననీసి సెప్పుందును. నీకు ఒక్కడే తమ్ముడని నాకు తెల్దేటి?"

తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. స్కాన్ తీసినాయన చెప్పిన మాట మింగిన సంగతి కూడా అప్పుడే చెప్పేశాను, సగం ఉంచుకోవడం ఎందుకని. అది లేచి గిన్నెలో బియ్యం డబ్బాలో ఒంపేసి, డాక్టరమ్మకి ఫోన్ చేసి రోజు ఖాయం చేసింది.

క్షమించిందా? తెలియదు. నేను అడగలేదు, అడగను. అడగడం అంటే మళ్లీ దాని మీద ఒక పని పెట్టడం. ఈ నాలుగు రోజులూ నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. కానీ నా మందులు, నా కాగితాలు, నా తిండి, అన్నీ అదే చూసింది. నాకు నిద్ర పడుతోంది. సిగ్గు లేకుండా హాయిగా పడుతోంది. రేపు గడ్డలో ఏముందో తెలుస్తుంది. ఏదైనా కానీ, దేవుడి మీద నెట్టకుండా నా పక్కనున్న మనిషి ఎంచిన చేతుల్లోకి వెళ్తున్నాను.

ఇందాక నర్సు వచ్చి, రేపటికి జుట్టు రెండు జడలు వేసి ఉంచమంది. సుగుణ నా వెనక మంచం మీద కూర్చుంది. దువ్వి, పాయలు గట్టిగా లాగి, కణతలు నొప్పెట్టేటట్టు బిగించి అల్లింది.

కొంచెం వదులు చెయ్యమని నేను అనలేదు.