గట్టుపిల్ల

ఇరవయ్యేళ్ళ కిందట పెదకాకాని నుంచి కృష్ణ మధ్యనున్న ఓ లంక ఊరికి కోడలిగా వెళ్ళాను. ఒడ్డున పుట్టినవాళ్ళని లంకవాళ్ళు 'గట్టోళ్ళు' అంటారు. నన్నూ పేరుతో కాక 'గట్టుపిల్ల' అనే పిలిచేవారు. నాకు ఒళ్ళు మండేది.

ఆ వానాకాలం మిరపనారు తేవడానికి పడవెక్కాం. "గట్టుపిల్లని మధ్యలో కూచోబెట్టండి!" అని పడవాయన అరిచాడు. అందరూ నవ్వారు.

ఏటి నడుమ పడవ ఊగేసరికి భయంతో దిగ్గున లేచి నిలబడ్డాను. పడవ ఒక పక్కకి ఒరిగిపోయింది. అత్తగారు నా జడ పట్టి కిందికి గుంజారు.

"భయమేస్తే లేవకూడదే! కూచోవాలి!"

అటూ ఇటూ కూర్చున్న ఆడవాళ్ళు నన్ను ఒడిసిపట్టుకుని, ఒడ్డు చేరేదాకా వదల్లేదు. ఆ మధ్య చోటు నాకెందుకిచ్చారో అప్పుడర్థమైంది.

ఇప్పుడు రేవులో కొత్తకోడలు కనబడితే, "గట్టుపిల్ల వచ్చింది, మధ్యలో చోటివ్వండి!" అని ముందుగా అరిచేది నేనే.