అడుగున పట్టిన తెల్లటి మడ్డి

ఫలక్‌నుమాలోని ఆ కాలేజీ ల్యాబులో యశోద తొమ్మిదేళ్లుగా గాజు సామాను కడుగుతోంది. ఆమె పనికి ఎవరూ వంక పెట్టలేదు, కెమిస్ట్రీ చెప్పే కేశవ్ సారు వచ్చేదాకా.

నూనె మిల్లుల్లో మిగిలే కొవ్వు ఆమ్లాల నుంచి డీజిల్ లాంటి ఇంధనం తీయాలని ఆయన పట్టుదల. అందుకు మెగ్నీషియం, అల్యూమినియం కలిసి పొరలు పొరలుగా ఉండే ఆక్సైడ్ పొడి వాడతాడు. మూడుసార్లు చేశాడు. మూడుసార్లూ పొడి తరిగిపోయి, పాత్ర అడుగున తెల్లటి జిగట మడ్డి మిగిలింది.

"సర్ఫు పోకుండ కడిగితే గిట్లనే అయితది," అన్నాడు స్టూడెంట్ల ముందే. ఆ సాయంత్రమే ఆమె మీద ఫిర్యాదు రాసి ఆఫీసులో ఇచ్చాడు.

యశోద పాత్ర అందుకుంది. మడ్డిని వేళ్ల మధ్య నలిపి చూసింది. బహదూర్‌పురాలో బోరు నీళ్లతో బట్టలుతికితే బకెట్‌కు పట్టే సబ్బు తెట్టు అచ్చం ఇలాగే ఉంటుంది. దాన్ని ఆమె నిమ్మ ఉప్పుతో వదిలిస్తుంది.

మర్నాడు నిమ్మ ఉప్పు నీళ్లు కాచి, ఆయన ఎదుటే మడ్డి వేసింది. తెలుపు విరిగిపోయి కొవ్వు పైకి తేలింది.

"ఇది నా మురికి కాదు సార్. మీరు మెగ్నీషియం మెగ్నీషియం అంటరు గదా, అదే కొవ్వుతోని కలిసి సబ్బయితుంది. మీ పొడి గట్ల కరిగిపోతుంది."

"నాకు కెమిస్ట్రీ చెప్తున్నవా?"

"చెప్తలేను. నా మీద రాసిన కాయితం వాపస్ తీస్కోండ్రి."

"తీస్కోను."

"గట్లయితే మీ సామాను ముట్ట." గ్లౌజులు తీసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

నాలుగు రోజులు జిడ్డు పాత్రలు సింకులో పేరుకుపోయాయి. ఆయన దగ్గర పరిశోధన చేసే అభిజ్ఞ ఈలోగా మడ్డిని పరీక్షించింది. మెగ్నీషియం సబ్బే. ఐదో రోజు ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు కేశవ్ ఒక్క వాక్యం రాసిన కాగితం వచ్చింది. యశోద రెండుసార్లు చదివింది.

"తారీకు లేదు," అని తిప్పి పంపింది. తారీకు వేసి వచ్చాకే గ్లౌజులు తొడుక్కుంది.

కేశవ్ మెగ్నీషియం తగ్గించి, నికెల్ కలిపి, వేడి పెంచాడు. రెండు నెలలకు మడ్డి పట్టకుండా పసుపుపచ్చ ద్రవం వచ్చింది. సెమినార్‌లో యశోద పేరెత్తలేదు. ఆమె ఆయనకు నమస్తే పెట్టడం మానేసింది.

అభిజ్ఞ ఆ ద్రవం ఉన్న సీసా పట్టుకొచ్చింది. "యశోదక్కా, చూడు. మంచిగ మండుతుంది."

"మండనీ బిడ్డా," అంది యశోద, తలెత్తకుండా. "ఆయన పాత్రలు గక్కడ పెట్టు. అందరివీ అయినంక కడుగుత."