తిప్పి కట్టించిన నీడ

ముప్పై ఏళ్ళు బేరాలాడిన నోటితోనే నా ఫీజు నేనే మూడో వంతు తగ్గించుకున్నాను. ఎవరూ బలవంతపెట్టలేదు. ఎదుటి మనిషి తగ్గించమని అడగనైనా లేదు. ఇంత గొప్ప బేరం అనంతపురం పాతూరు బజారులో పుట్టినవాళ్ళెవరూ చేసి ఉండరని గట్టిగా చెప్పగలను.

మా నాయనది స్టీలు సామాన్ల అంగడి. ఒక పక్క చిన్నాయన కిరాణా, ఇంకో పక్క మామ బట్టలు. ధర కుదరక లేచిపోయే గిరాకీని నాయన వెంటనే పిలిచేవాడు కాదు. "పోనీ, పోనీ" అంటూ వాళ్ళ కాళ్ళు చూసేవాడు. అడుగు కొంచెం నెమ్మదించగానే "ఓయమ్మా, ఇట్లా రా" అని కేక వేసేవాడు. మనుషులు ఎక్కడ నెమ్మదిస్తారు, ఎక్కడ తిరుగుతారు అన్న చదువు నాకు ఆ అంగడి గట్టు మీదే వచ్చింది. దాన్నే తర్వాత బెంగళూరులో థీమ్ పార్కులు గీయడానికి అమ్ముకున్నాను.

పార్కు గీసినవాళ్ళ పేరు పార్కులో ఎక్కడా ఉండదు. రాట్నం చేసిన కంపెనీ పేరు రేకు మీద ఉంటుంది. మరుగుదొడ్లకు టైల్సు ఇచ్చినాయన పేరు కూడా ఉంటుంది. జనానికి ఏ మలుపులో ఆకలెయ్యాలో, ఏ బెంచీ దగ్గర పిల్లలు మారాం చెయ్యాలో లెక్కగట్టి గీసిన నా పేరు మాత్రం ఉండదు. ముప్పై ఏళ్ళు ఇది పెద్ద విషయం కాదనుకున్నాను. రిటైరవుదామని అనుకున్న ఏడాది నుంచీ ఇంకే విషయమూ తోచలేదు.

అప్పుడు ఈ ఓనరు వచ్చాడు. గార్లదిన్నె దాటాక హైవే పక్కన వాళ్ళ కుటుంబానికి చాలా భూమి ఉంది. వేరుశనగ పెట్టీ పెట్టీ విసిగి కాంట్రాక్టుల్లోకి, అక్కణ్ణించి రాజకీయాల్లోకి పోయిన కుటుంబం. "మన జనానికి వాన చూపించల్ల అక్కా. ఎంతైనా ఖర్చు కానీ" అన్నాడు. నేను వానవీధి గీశాను. రెండు వైపులా పాతకాలపు ఇళ్ళ ముందు భాగాలు, పైన పైపులు, గంటకోసారి పావుగంట వాన, కింద పారిన నీళ్ళు మళ్ళీ పైకి. డబ్బిచ్చి తడవడానికి మనుషులు వస్తారా అని నవ్వినవాళ్ళు ఈ సీమలో బతికినవాళ్ళు కారు.

టీ తాగుతూ నేనే అన్నాను. "ఇది నా కడపటి పార్కు. ఫీజు మూడో వంతు తగ్గించుకుంటా. గేటు దగ్గర రాతి పలక మీద నా పేరు చెక్కించు."

"అంతేనా అక్కా? రాయించేస్తాం పో."

కాగితం రాసుకోలేదు. మా బజారులో నోటిమాటే పత్రం. కానీ అది అంగడికీ అంగడికీ మధ్య. గిరాకీతో అయితే దుడ్లు చేతిలో పడ్డాకే గిన్నె చేతికిస్తాం. ఇతను అక్కా అన్నాడు, నా గ్లాసులో టీ తనే పోశాడు. గిరాకీని పక్క అంగడివాడనుకున్నాను. మా నాయన అంగట్లో చీపురు పట్టినవాడు కూడా ఈ పొరపాటు చెయ్యడు.

ప్రారంభానికి రెండు రోజుల ముందు పలక వచ్చింది. టార్పాలిన్ ఎత్తి చూశాను. మంత్రిగారి పేరు, ఓనరు పేరు, చనిపోయిన అతని నాయన పేరు. అన్నిటికన్నా కింద 'రూపకల్పన' అని చెక్కి, ఎదురుగా ఓనరు అల్లుడి పేరు. ఆ అల్లుడు సైటుకు నాలుగుసార్లు వచ్చాడు, నాలుగుసార్లూ ఫోటో దిగడానికే.

ఓనరును అడిగితే నవ్వాడు. "కోపమా అక్కా? వాడు కొత్తగా కంపెనీ పెట్టినాడు, పేరుంటే పనికొస్తాది. నువ్వెట్లాగూ రిటైరవుతాండావు. ఇంట్లో కూర్చునేదానికి నీకి పేరుతో ఏం పనుండాది?"

నేనూ నవ్వాను. బజారులో పెరిగినవాళ్ళకు మోసపోయిన ముఖం పెట్టడం రాదు.

పక్కకు వెళ్ళి పార్కు మొత్తాన్ని కళ్ళతో ఒకసారి తడిమాను. వానవీధిలో తడిసిన జనం చెప్పులు చేత్తో పట్టుకుని ఒక కూడలిలోకి వస్తారు. ఎడమకు పోతే తిండి అంగళ్ళు, కుడికి పోతే బయటి గేటు. ఎడమ దారి పొడుగునా నేను షేడ్‌నెట్ కట్టించాను, దానిమ్మ తోటలకు కప్పే ఆకుపచ్చ వల. ఈ సీమలో మధ్యాహ్నం నేల మీద ఉత్త కాలు పెట్టి చూడండి. బోర్డులు, బాణాలు ఏమీ అక్కర్లేదు, జనం నీడ ఎటుంటే అటే పోతారు.

వల కట్టే మేస్త్రీది బెళుగుప్ప. పిలిచి చెప్పాను. "అప్పా, ఎడమ పక్క వల విప్పి కుడి పక్క కట్టు."

"యాలక్కా? బాగానే ఉండాది కదా."

"ఆ పక్క గాలికి చినుగుతాది."

అతను గాలి వచ్చే వైపు చూశాడు, నన్ను చూశాడు. "గాలి ఇట్లనుంచి కదక్కా వస్తాండేది?"

"గమ్మున కట్టప్పా."

సాయంత్రానికి నీడంతా బయటి గేటుకు దారి చూపిస్తోంది. ప్రారంభం రోజు వేదిక మీద నాకు శాలువా కప్పి, పండ్ల బుట్ట ఇచ్చి, 'మా అల్లుడికి సాయం చేసిన పెద్దమ్మ' అని పరిచయం చేశారు. చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా నేనే కొట్టాను.

మొదటి ఆదివారం గేటు ఎదుట టీ బంకులో కూర్చున్నాను. మధ్యాహ్నం రెండుకల్లా తడి బట్టలతో, పిల్లల్ని చంకనేసుకుని, నీడ వెంట నడుచుకుంటూ జనం బయటికి వచ్చేస్తున్నారు. లోపల ఒక్క రూపాయి తిండి కొనకుండా! ఒక్కొక్క కుటుంబం గేటు దాటుతుంటే అల్లుడి పేరులోంచి ఒక్కొక్క అక్షరం రాలిపోతున్నట్టు అనిపించింది. నాలుగు టీలు తాగాను.

మూడో ఆదివారం ఓనరు ఏడుపు ముఖం చూద్దామని లోపలికే వెళ్ళాను. అతను ఎదురొచ్చి చేతులు పట్టుకున్నాడు.

"అక్కా, జనం రెండుకల్లా బిర్న పోతాండారు. లోపల జాగా ఖాళీ అయితాంది, మద్యాన్నం మళ్ళా టికెట్లు తెంచుతాండాం. మా అల్లుడు ఏం తెలివిగా కట్టినాడక్కా!"

"మరి తిండి అంగళ్ళు?"

"వాటి బాడుగ సంవత్సరానిది ముందే తీసుకుంటిమి కదా. అమ్ముకుంటారో లేదో వాళ్ళ తిప్పలు."

అంగళ్ళ వైపు నడిచాను. ఎండలో ఆ దారిన నేనొక్కదాన్నే. చివరి అంగడి మరమరాలు, అదే మా బొరుగులు, తడిపి ఉగ్గాని బజ్జి చేసే ఆమెది, ఊరు గార్లదిన్నె. బాడుగ కట్టే ముందు ఏ చోటు తీసుకోవాలని నన్నే అడిగింది. చివరిది తీసుకో, నీడ అక్కడిదాకా ఉంటుందని చెప్పినదాన్ని నేనే.

నన్ను చూసి ఆమె గరిటె కింద పెట్టింది. "నీడ ఉండాదంటివి కదక్కా. యాడుండాది?"

నానిన బొరుగుల గిన్నె నా ముందుకు జరిపింది.

"బొరుగులు తడిపితిని. తడిపిన బొరుగులు మళ్ళా ఎండబెట్టేదానికి అయితాదా? మూడు వారాలుగా బర్రెకే పెడతాండా. బర్రె కూడా విసుక్కుంటాంది."

వల తిప్పి కట్టడానికి ఓనరును అడిగాను. "ఇప్పుడు అది వాని డిజైను కదక్కా, వాన్నే అడగల్ల" అన్నాడు. అల్లుడి గదికి వెళ్ళి, అతను ఫోన్లో మాట్లాడటం అయ్యేదాకా నిలబడ్డాను.

అతనికి ఏదో అనుమానం వచ్చినట్టుంది. ఎంత సోమరైనా తెలివితక్కువవాడు కాదు. "మా మామకు ఇట్లనే బాగుండాది మేడం. మార్చల్లంటే ఒక కాగితం రాసియ్యండి. వల తప్పు పక్కన కట్టించింది మీరేనని, ఖర్చు మీదేనని. రేపు మా పేరు చెడిపోగూడదు కదా."

రాశాను. కింద పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, పొల్లు పోకుండా సంతకం పెట్టాను. అతను ఫైలులో పెట్టుకున్నాడు. ఆ పార్కు మొత్తంలో నా పేరున్న చోటు అదొక్కటే.

బెళుగుప్ప మేస్త్రీ మళ్ళీ వచ్చాడు. వల విప్పుతూ "గాలి తిరిగిందా అక్కా?" అన్నాడు. రెట్టింపు కూలి అడిగాడు, బేరమాడకుండా ఇచ్చాను.

ఇక బిల్లు. ఫీజులో మూడో వంతు, పోయింది. కొత్త తాళ్ళు, చిరిగిన చోట కొత్త వల, మేస్త్రీ కూలి నావే. ఉగ్గాని ఆమెకు మూడు ఆదివారాల సరుకు. ఆమె లెక్కపెట్టి తీసుకుని, నూనె మర్చిపోయావని అడిగి అదీ తీసుకుంది. మిగతా అంగళ్ళవాళ్ళకు ఏమీ ఇవ్వలేదు. వాళ్ళు అడగలేదు, అడక్కుండా ఇచ్చే చెయ్యి కాదు నాది. ఓనరుకు నేను చేసిన నష్టం సున్నా, లాభం మూడు ఆదివారాల టికెట్లు. అల్లుడికి ఇంకో రెండు పార్కులు వచ్చాయని విన్నాను. నా కోపంలో ఇంకా తరుగు పోలేదు, పలక ముందు నుంచి వెళ్తే ఇప్పటికీ పళ్ళు కొరుకుతాను. జమ వైపు రాయడానికి ఒక్కటే ఉంది, దాన్ని దాచేద్దామనుకున్నాను కూడా: అక్కడ ఆమె బొరుగులు బర్రెకు పెడుతున్న ఆ మొదటి ఆదివారం, టీ బంకులో నేను చాలా సంతోషంగా ఉన్నాను.