గ్లౌజులు చేతికా, ఇనుముకా

నేను రిటైరు కావడానికి ముందు ఏడాది, నవంబరులో, హిందీ ప్రాంతపు ఉక్కు నగరం పక్కన, ఆదిత్యపూర్ పారిశ్రామికవాడలో ఉన్న మా కంపెనీ రెండో ప్లాంటుకు నన్ను ల్యాబ్ ఇన్‌ఛార్జిగా వేశారు. నా చదువు రబ్బరు టెక్నాలజీ. లారీలు తయారుచేసే ఫ్యాక్టరీవాళ్ళ టెల్కో కాలనీ క్వార్టర్సులో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి లారీల గోల నాకు కొత్త కాదు. మేం తయారుచేసేది లారీ ఇంజను కింద బిగించే మౌంటింగు, అంటే రెండు ఉక్కు పలకల మధ్య ఒక రబ్బరు దిమ్మ. ఇంజను అదురునంతా అదే మింగుతుంది. బాగున్నన్నాళ్ళూ దాన్ని ఎవరూ పట్టించుకోరు. పలక నుంచి రబ్బరు ఊడిందా, ఇంజను పక్కకు వాలుతుంది. ఆ చలికాలం మా మౌంటింగులు ఊడటం మొదలుపెట్టాయి, కొనే లారీ కంపెనీ నుంచి ఫిర్యాదు వచ్చింది.

రబ్బరు ఎందుకు ఊడిందో చెప్పాలంటే అది ఎలా అంటుకుంటుందో ముందు చెప్పాలి. చెట్టు పాల నుంచి వచ్చే పచ్చి రబ్బరు ఎండకు జిగురెక్కుతుంది, చలికి బిరుసెక్కుతుంది. తొలి రోజుల్లో దాంతో వానకోట్లు చేసినవాళ్ళు వేసవి రాగానే తలలు పట్టుకున్నారు. గంధకం కలిపి ఉడికిస్తే ఆ అవలక్షణం పోతుందని పందొమ్మిదో శతాబ్దంలో తెలిసింది. గంధకం పొడవాటి రబ్బరు అణువుల మధ్య వంతెనలు కడుతుంది. ఒకే ఒక్క గంధక పరమాణువుతో కట్టిన వంతెన గట్టిది, వేడికి తట్టుకుంటుంది. నాలుగైదు పరమాణువులు గొలుసుగా ఉన్న వంతెన అంత బలమైనది కాదు గానీ, తెగినా మళ్ళీ అతుక్కుంటుంది, అందువల్ల అదురును ఎక్కువకాలం ఓర్చుకుంటుంది. ఏ రకం వంతెనలు ఎన్ని ఉండాలో తూచి కలపడమే మా విద్య. ఇంత చేసినా రబ్బరు ఉక్కును తనంతట తాను పట్టుకోదు. మధ్యలో రెండు పూతలు వేయాలి. అడుగున వేసే ప్రైమరు ఉక్కును పట్టుకుంటుంది, పైపూత రబ్బరును పట్టుకుంటుంది.

ఆ పూతలు వేసే మనిషి సింహాచలం. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇతను కాంట్రాక్టు మీద మా దగ్గర చేస్తున్నాడు. సీతారాండేరా బస్తీ నుంచి సైకిలు మీద ఖర్కాయ్ నది వంతెన దాటి రోజూ తెల్లవారు షిఫ్టుకే వస్తాడు.

వర్క్స్ మేనేజరు మిశ్రాజీ. ఫిర్యాదు వస్తే ఆయనకు కావలసింది కారణం కాదు, జవాబు. మొదట "థోడా సల్ఫర్ బఢా దీజియే, మేడమ్" అన్నారు, కాస్త గంధకం పెంచమని, సాంబారులో ఉప్పు తగ్గినట్టు! గంధకం రబ్బరు లోపలి వ్యవహారం, ఊడింది ఉక్కు దగ్గర అని ఆయనకు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది.

ఊడిన ముక్కను చదవడం మా వృత్తిలో తొలి పాఠం. మౌంటింగును లాగుడు మిషనుకు తగిలించి చీల్చి చూస్తాం. రబ్బరే నడిమికి చీలితే అతుకు భేషుగ్గా ఉన్నట్టు. ప్రైమరు రంగు కనబడితే తప్పు పూతల మధ్య ఉన్నట్టు. ఉక్కు బయటపడి మెరిసిందంటే, ప్రైమరు వేయకముందే దానికి ఏదో మురికి అంటినట్టు. మా ముక్కల్లో ఉక్కు మెరుస్తోంది, అదీ మచ్చలు మచ్చలుగా. తెల్లవారు షిఫ్టు సరుకులో తప్ప మరెందులోనూ ఆ మచ్చలు లేవు.

ఈ చివరి మాట వినగానే మిశ్రాజీకి ప్రాణం లేచి వచ్చింది. తెల్లవారు షిఫ్టులో పూత వేసేది సింహాచలమే కదా! కారణం ఆపరేటరు నిర్లక్ష్యం, చర్య ఆపరేటరు తొలగింపు అని జవాబు తయారైంది. నా ఉద్యోగంలో ఈ రెండు ముక్కలు ఎన్నిసార్లు చదివానో లెక్కే లేదు, చదివిన ప్రతిసారీ ఒళ్ళు మండింది. శనివారం జవాబు పోతుంది, దాంతోపాటే సింహాచలం గేటుపాసూ పోతుంది. ఒక గేటు దగ్గర పాసు పోయినవాణ్ణి ఆ కాంట్రాక్టరు ఇంకే గేటుకూ పంపడు.

సింహాచలం ల్యాబు గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అమ్మగారూ, నా పాసు తీసీత్తారట. నానేటి తప్పు సేసినానో సెప్పండి, ఒప్పీసుకుంటాను. సెప్పకండా తీసీత్తే ఇంటికెళ్ళి ఏటని సెప్పను?"

పలకలు గ్లౌజులతోనే పట్టుకుంటున్నావా అని అడిగాను.

"గ్లౌజు నేకుండా ఒక్కనాడూ ముట్టుకోనేదమ్మా" అన్నాడు. ఆ మాటలో కాస్త పౌరుషం కూడా ఉంది.

మర్నాడు షిఫ్టుకు ముందే వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాను. మంచులోంచి సైకిళ్ళు, మోటారుసైకిళ్ళు వస్తున్నాయి. హ్యాండిళ్ళ మీద అన్నీ తెల్ల చేతులే! అవి మా గ్లౌజులు, ఉక్కు పలకలు పట్టుకోవడానికి మేమిచ్చిన నూలు గ్లౌజులు. చలికాలం వస్తే ఇక్కడ అందరూ ఒళ్ళు పగలకుండా ఆవనూనె పట్టిస్తారు. ఆ నూనె చేతుల మీద గ్లౌజులు తొడుక్కుని, బండి నడుపుకుంటూ వచ్చి, అవే గ్లౌజులతో శుభ్రం చేసిన పలకలు ఎత్తుతున్నారు. పూతల పనికి రాత్రి షిఫ్టు లేదు. మధ్యాహ్నం షిఫ్టువాళ్ళకు వచ్చేదారిలో చలి ఉండదు, గ్లౌజుల అవసరమూ ఉండదు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"ఇవి వేసుకుని సైకిలు తొక్కుతావటయ్యా!" అని అరిచాను.

సింహాచలం బిత్తరపోయాడు. "మరి సలికి సేతులు పగిలిపోవా అమ్మా? గ్లౌజంటే సేతికే కదా! ఇదిగో, ఆళ్ళే రాసినారు."

గోడ మీద సేఫ్టీ శాఖవారి బోర్డు ఉంది. చేతులు కాపాడుకోండి అని హిందీలో పెద్ద అక్షరాలు, కింద తెల్ల గ్లౌజుల బొమ్మ. నెలకు ఒక్క జత ఇస్తామనీ పోతే మళ్ళీ ఇవ్వమనీ స్టోర్సువాళ్ళ నిబంధన. పోతాయేమోనన్న భయంతో అందరూ ఇంటికి పట్టుకెళ్తున్నారు. ఈ గ్లౌజులు ఇనుము నుంచి చేతిని కాపాడటానికి కాదు, చేతి నుంచి ఇనుమును కాపాడటానికి అని ప్లాంటు పెట్టినప్పటి నుంచీ ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదు. కొనేది స్టోర్సు, పాఠం చెప్పేది సేఫ్టీ. మా ల్యాబును అడిగినవాడు లేడు.

ఇంతలో మిశ్రాజీ స్కూటరు దిగారు. చూద్దును కదా, ఆయన చేతులకూ అవే గ్లౌజులు! ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడిందట. తొందరలో ఉన్నానంటున్నా వదలకుండా పూతల గదిలోకి తీసుకెళ్ళి, శుభ్రం చేసిన పలక ఒకటి చేతికిచ్చి గట్టిగా పట్టుకోమన్నాను. తర్వాత దాని మీద నీళ్ళు పోశాను. ఉక్కు శుభ్రంగా ఉంటే నీళ్ళు పలచటి పొరలా పరుచుకుంటాయి, నూనె ఉన్నచోట విడిపోయి బొట్లుగా నిలుస్తాయి. ఆయన వేళ్ళు ఆనినచోటల్లా నీళ్ళు బొట్లు కట్టాయి. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వు ఆపుకోవడానికి పెదవులు కొరుక్కున్నారు.

ఆయన గ్లౌజులు ఊడదీసి జేబులో కుక్కుకున్నారు. గ్లౌజులు మార్పించేద్దాం గానీ జవాబు తయారైపోయింది కాబట్టి మనిషినీ మార్చేద్దాం అన్నారు. అంత చూశాక కూడా! ల్యాబ్ ఇన్‌ఛార్జి సంతకం లేకుండా సరుకు గేటు దాటదు. ఆ జవాబు పోతే నా సంతకం పడదని చెప్పాను.

"ఆపరేటరు పేరు రాస్తే కింద మీ పేరు కూడా రాయండి. ఇద్దరి చేతులకూ ఉన్నది ఒకే నూనె" అని హిందీలో, అందరూ వినేలాగే అన్నాను.

శనివారం వెళ్ళిన జవాబులో ఎవరి పేరూ లేదు. గ్లౌజులు ప్లాంటులోనే ఉండాలనీ, షిఫ్టుకో ఉతికిన జత ఇవ్వాలనీ ఉత్తర్వు వచ్చింది. ఆ తర్వాత లాగుడు మిషను మీద రబ్బరు నడిమికే చీలుతూ వచ్చింది.

సింహాచలం పాసు నిలిచింది. ఉత్తర్వు చదివి నా దగ్గరికి వచ్చాడు.

"ఈటిని ఇంటికి అట్టుకెళ్ళొద్దన్నారు, బాగానే ఉంది. మరి సైకిలు మీద ఏటి తొడుక్కోమంటారమ్మా?"

ఉన్ని గ్లౌజులు ఇప్పించమని సేఫ్టీ శాఖకు రాశాను. చలి గేటు బయటిదనీ, దానికి కంపెనీ బాధ్యత లేదనీ జవాబిచ్చారు. చేతులు కాపాడుకోమని బోర్డు పెట్టింది వాళ్ళే.

ఒక వస్తువు దేనికోసమో చెప్పకుండా ఇస్తే, పుచ్చుకున్నవాడు అది తనకోసమే అనుకుంటాడు. దాన్ని నిర్లక్ష్యం అనకూడదని ఆ ఏడాది నేర్చుకున్నాను. ఉక్కు పలకలకు షిఫ్టుకో జత మంజూరైంది. సింహాచలం ఆ చలికాలమంతా చేతులకు పాత గుడ్డలు చుట్టుకుని వంతెన దాటాడు.