ముందు డాలుకు, తర్వాతే అల్లుడికి

తేలికైనదాన్ని ఎంచుకోవడానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. గేర్లు లేని స్కూటీ మీద బండి నేర్చుకున్నాను. ఇప్పుడు కరీంనగర్ రోడ్డు మీద లారీల మధ్య కారు నడుపుతున్నాను. ముందు కుక్కర్లో అన్నం పెట్టడం వచ్చింది, గంజి వార్చడం తర్వాత వచ్చింది. చచ్చీ చెడీ నేర్చుకుంటేనే విద్య అని ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్లు మండుతుంది. అందుకే మా ఆడబిడ్డ నా ఫోన్లో ఆట ఎక్కించి, "హీలర్ను తీస్కో వదినె" అన్నప్పుడు నేనేం తొట్రుపడలేదు.

మేముండేది తూంకుంటలో, కొత్త లేఅవుట్లో. ఆదివారమైతే శామీర్‌పేటలో అత్తగారింటికి వెళ్తాం. ఆడబిడ్డను మేడ్చల్‌లో ఇచ్చారు, ఆమె కూడా భర్తతో వస్తుంది. భోజనాలయ్యాక మా ఆయన, ఆమె, ఆ ఇంటి అల్లుడు హాల్లో సోఫా మీద చేరి ఫోన్లలో ఆన్‌లైన్ ఆట ఆడతారు. నేను వంటింట్లో గిన్నెలు సర్దుకుంటూ వాళ్ల కేకలు వినేదాన్ని. నన్ను రావద్దని ఎవరూ అనలేదు, రమ్మని కూడా ఎవరూ అనలేదు. మా అమ్మానాన్నలది గుంటూరు వైపు, నేను పెరిగింది మాత్రం మచ్చ బొల్లారంలో. అక్కడినుంచి శామీర్‌పేట ఎంతో దూరం లేదు. అయినా అత్తగారి చుట్టాలకు నేను ఇప్పటికీ ఆంధ్రా పిల్లనే.

వాళ్ల జట్టుకు నలుగురు కావాలి. నాలుగో మనిషి ఎవరో ముక్కూమొహం తెలియనివాడు, చెప్పాపెట్టకుండా మానేశాడు. "ఎవలన్న దొరికేదాంక నువ్వు ఆడు" అంది ఆడబిడ్డ. ఆ 'దొరికేదాంక' నా చెవిలో ముల్లులా దిగింది. ఒకసారి ఆ సోఫా మీద కూర్చున్నాక మళ్లీ లేచేది లేదని అప్పుడే అనుకున్నాను.

ఆట తెలియనివారికి రెండు ముక్కలు. గుహలో ఒక రాకాసి ఉంటాడు. ఆడబిడ్డ డాలు పట్టుకుని వాడి ముందు నిలబడి దెబ్బలన్నీ తనే తింటుంది. మా ఆయన కత్తి దూస్తాడు. అల్లుడు దూరం నుంచి బాణాలు వేస్తాడు. వీళ్లు చావకుండా ప్రాణం పోసేది హీలర్. అందులో మళ్లీ మూడు రకాలు, క్లాసులంటారు. పసరు వైద్యురాలు ఆకులు రాస్తే గాయం మెల్లగా మానుతుంది. కవచం వేసే ఆమె దెబ్బ పడకముందే పసిగట్టి అడ్డం పెట్టాలి. దీపం పిల్ల సంగతి సుళువు. ఎవరి బొమ్మ మీద వేలు పెడితే వాళ్లకు అప్పటికప్పుడే ప్రాణం నిండుతుంది, కాకపోతే దీపం మళ్లీ వెలగడానికి కాసేపు ఆగాలి.

"దీపం పిల్లను చిన్న పిల్లలు తీస్కుంటరు" అన్నాడు మా ఆయన. "గా పసరామెను తీస్కో, మస్తు పవర్ ఉంటది."

"నాకు పవర్ వద్దు, దీపమే చాలు" అన్నాను.

కొత్తగా చేరినవాళ్లకు చేతి నిండా పని ఉంటే చుట్టూ ఏం జరుగుతోందో కనిపించదు. చేతికి పని తగ్గితే కళ్లకు తీరిక దొరుకుతుంది. నేను ఏ పనైనా ఇలాగే మొదలుపెడతాను. దీపం పిల్లనే తీసుకున్నాను.

మొదటి ఆదివారం చిత్తుగా ఓడిపోయాం.

అల్లుడికి ఎక్కడినుంచో ఒక రాయి వచ్చి తగిలింది. ఆయన బొమ్మ పక్కన ప్రాణాన్ని చూపే ఎర్రగీత గోరంత తగ్గింది. నా వేలు దానంతటదే అటు పోయింది, నింపాను. మళ్లీ కాస్త తగ్గింది, మళ్లీ నింపాను. "వదినె, నాకు! నాకు పొయ్యి!" అని పక్కనుంచి ఆడబిడ్డ అరుస్తూనే ఉంది. దీపం వెలిగేలోపు ఆమె పడిపోయింది. ఆమె వెనక మా ఆయన, ఆయన వెనక నేను. నిండు ప్రాణంతో మిగిలింది అల్లుడొక్కడే. రాకాసి తాపీగా నడిచొచ్చి ఆయన్ను తొక్కేశాడు.

"ఏంది వదినె గిది? ఆయన దూరంగ నిలవడ్డడు గద, ఆయనకేమైతది?" అంది ఆడబిడ్డ. నా ముందే, హీలర్ కావాలని ఆటలో ఒక ప్రకటన పెట్టింది. "ఇంకొక్క ఆదివారం సూస్త. గప్పుడు గుడ గాకుంటే ఎవలనన్న తీస్కుంట." నాకు ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమూ వచ్చింది.

కార్లో మా ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. "చిన్న పిల్లల అల్కటి క్లాస్ తీస్కుంటే గట్లనే అయితది. మార్చు."

"క్లాసును ఏమీ అనకు" అన్నాను.

ఆ వారమంతా సాయంత్రాలు ఆఫీసు నుంచి రాగానే తెలియనివాళ్ల జట్లలో చేరి ఆడాను. ఆశ్చర్యం, ఒక్క పొరపాటూ జరగలేదు. ఎవరి గీత తగ్గితే వాళ్లకు పోశాను, డాలు పట్టినవాళ్లకు అందరికంటే ముందు పోశాను. ఎవరో మెచ్చుకున్నారు కూడా. మరి శామీర్‌పేటలో నా చేతికి ఏమైందని బుర్ర బద్దలు కొట్టుకుంటే తట్టింది. ఈ కొత్త జట్లలో అల్లుడెవరో నాకు తెలియదు.

అత్తగారింట్లో అల్లుడి పళ్లెం ఖాళీగా కనిపించిందంటే ఇంటి పరువు పోయినట్టే. ఆయన చాలు అన్నాక వేసేదే అసలు వడ్డన. అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి కనుసైగ చేస్తే, నేను మాంసం కూర గిన్నెతో పరుగెత్తాలి. ఇన్నేళ్లుగా అలా అలవాటైన చెయ్యి గుహలో కూడా అదే పని చేసింది. నాకు నవ్వాగలేదు. ఇక గెలుపు ఖాయమనిపించింది.

రెండో ఆదివారం అల్లుడు తన ఫోన్ను టీవీకి కలిపాడు, అత్తగారు కూడా చూస్తారని. ఆమె నా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆట మొదలైన కాసేపటికే టీవీ నిండా బాణాల అల్లుడు ఎర్రబడ్డాడు.

"అల్లునికి దెబ్బ తాకింది బిడ్డ" అన్నారు అత్తగారు.

నేను ఆడబిడ్డకు పోశాను. దీపం వెలగగానే మళ్లీ ఆమెకే పోశాను.

"అల్లుడు సస్తున్నడే! సూస్తలేవా?" నా మోచెయ్యి పట్టుకుని ఊపారు. నా వేలు ఒక్క క్షణం ఆయన బొమ్మ మీద ఆగింది. ఆ ఇంట్లో ఆమె మాటకు నేను ఎదురు చెప్పింది లేదు.

"చూస్తున్నాను అత్తయ్యా. ముందు మీ కూతురు" అన్నాను. వేలు పక్కకు జరిపి ఆడబిడ్డకు పోశాను.

అల్లుడు చనిపోయాడు. ఆయన ఫోన్ టీపాయ్ మీద పెట్టి లేచాడు. "సచ్చినోనికి ఏం పని ఉన్నది, చాయ్ పెట్టుకొస్త" అంటూ వంటింట్లోకి పోయాడు. అల్లుడు వంటింట్లోకా అని అత్తగారు కుర్చీలోంచి సగం లేచారు. లోపల్నుంచి కేక వినిపించింది: "చెల్లె, సక్కెర ఏడున్నది?"

"పై అరలో, వెతుక్కోండి అన్నయ్యా" అన్నాను తలెత్తకుండానే.

డాలు నిలబడింది. డాలు నిలబడింది కాబట్టి మా ఆయన కత్తికి వీలు దొరికింది. రాకాసి మోకాళ్ల మీద కూలి, పక్కకు ఒరిగిపోయాడు. ఆడబిడ్డ గంతేసి నన్ను వాటేసుకుంది. అత్తగారు టీవీ వైపు, నా వైపు చూశారు.

"నా బిడ్డ బతికిందా?"

"బతికింది అత్తయ్యా."

"అయితే మంచిగనే జేసినవు" అన్నారు నెమ్మదిగా.

అంతలో ఆడబిడ్డ ఫోన్‌కు ఒక సందేశం వచ్చింది. ప్రకటన చూసి ఎవరో పెద్ద హీలర్ అడుగుతున్నాడు, పసరు క్లాసట, మంచి పేరున్నవాడట, చేరమంటారా అని. మా ఆయన నా మొహం చూశాడు. ఆడబిడ్డ ఎవరి మొహమూ చూడలేదు. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని జవాబు చెప్పింది.

"వద్దు అన్నా. మా ఇంటి మనిషే ఉన్నది."

నాకు కళ్లు నిండిపోయాయి. తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

"ఏడుస్తవేంది వదినె?" అంది ఆడబిడ్డ. "పక్క గుహల ఇంకోడున్నడు. ఫోన్ పట్టు."